మా వియ్యపురాలి ఎక్స్‌రేలో చుక్కలు

మా వియ్యపురాలు నాగలక్ష్మమ్మ గురించి అచ్చు వేయించడానికి నాలుగు మాటలు రాయమని మా మనవరాలు హిమబిందు అడిగింది. "మరి నా గురించి ఎవరు రాస్తారే?" అన్నాను. "నీ గురించి నువ్వే దినామూ చెప్పుకుంటాండావు కదా జేజీ, ఇంక రాసేదేముండాది?" అంది. ఆ నోరు నా నోరే. పిల్లకు నా నుంచి వచ్చింది అదొక్కటే, మిగిలినదంతా ఆ మంగంపేట అవ్వ నుంచి వచ్చిందని ఊళ్ళో అనుకుంటారు. అందుకే రాస్తున్నాను. ఊళ్ళోవాళ్ళు అనేదాంట్లో ఎంత నిజమో, ఎంత ఎచ్చో తేల్చడానికి నాకంటే తగినవాళ్ళు లేరు. ఒక మనిషిని ప్రేమగా చూసేవాళ్ళకు సగమే కనబడుతుంది. కడుపుమంటతో చూసేవాళ్ళకు నెత్తిన తెల్లవెంట్రుక మొదలు కాలి చెప్పుకు వేసిన కుట్టు దాకా కనబడుతుంది.

మాది పత్తికొండ. బజారులో మాకు కిరాణా అంగడి ఉంది. మా ఇంటాయన పోయాక మా అబ్బాయి వాసుదేవ్ చూసుకుంటున్నాడు. నేను ఐదో తరగతితోనే బడి మానేసినదాన్ని. అయినా బజారులో రాజ్యలక్ష్మమ్మ వస్తోందంటే మాట్లాడుకునేవాళ్ళు మాట మారుస్తారు. అంత మర్యాద ఉంది నాకు.

వాసుదేవ్‌కు కడప జిల్లా మంగంపేట నుంచి శ్రీవాసవిని చేసుకున్నాం. మంగంపేట అంటే ముగ్గురాయి గనులు. శ్రీవాసవి తండ్రి కేశవయ్యకు అక్కడ చిన్న మిల్లు ఉండేది. గనిలో తవ్విన రాయిని పొడిచేసి బస్తాలకెత్తడం వాళ్ళ పని. ఆ పొడి ఓడలెక్కి పోయి, ఎక్కడెక్కడో నూనె బావులు తవ్వేవాళ్ళకు పనికొస్తుందట. మనకు తెలిసినంత వరకు అది వాకిట్లో వేసుకునే ముగ్గు.

పెళ్ళికూతురి వెంట ఎవరైనా అరిసెలు తెస్తారు, లడ్లు తెస్తారు. మా వియ్యపురాలు వాటితో పాటు ఒక బస్తా ముగ్గుపిండి దించింది. ఇద్దరు మొగవాళ్ళు పట్టుకుంటే గానీ లేవలేదు, అంత బరువు.

"ఇదేం సారె వదినా? ఇల్లు కట్టిస్తావా ఏంది, సిమెంటు తెచ్చినావు?" అన్నాను అందరి ముందూ.

"ఇల్లు నీది ఉండనే ఉండాది కదా వదినా. వాకిట్లోకి తెచ్చినా," అంది. గొంతు పెంచలేదు. ఆమె ఎప్పుడూ గొంతు పెంచదు. అదొక జబ్బు ఆమెకు.

మరునాడు కోడలు ఆ పిండితో ముగ్గు వేసింది. పత్తికొండ గాలి సంగతి తెలిసినవాళ్ళకు తెలుసు. నేను వేసిన ముగ్గు పొద్దెక్కేసరికి ఎదురింటి గడపలో ఉండేది. ఈ పిండి బరువుకు గాలి దాన్ని కదిలించలేకపోయింది. దీపాలు పెట్టే వేళకు కూడా గీత గీతగానే ఉంది. ఇంటి ముగ్గుకని తెల్లరాళ్ళు మాత్రమే ఏరి, వేరుగా ఆడించి తెచ్చిందట. వీధి ఆడవాళ్ళంతా వచ్చి చూసి, "మీ వియ్యపురాలు మంచి మనిషమ్మా," అనిపోయారు. ఆ వాకిట్లో అంతకు ముందు ఇరవై ఏండ్లు నేను ముగ్గు వేశాను. నన్ను మంచి మనిషని ఒక్కరూ అనలేదు.

శ్రీవాసవి తొలికాన్పుకు పుట్టింటికి పోయేనాటికి కేశవయ్య లేడు. మిల్లును నాగలక్ష్మమ్మే నడుపుతోందని విన్నాం. నడపడమంటే కుర్చీలో కూర్చుని పనివాళ్ళ మీద పెత్తనం చేయడమనుకున్నాను. పాపకు పేరు పెట్టడానికి నేను చెప్పకుండా ఒకరోజు ముందే మంగంపేటలో దిగాను. చెప్పి పోతే ఏం తెలుస్తుంది?

మిల్లు గేటులోంచి ఒక ఆకారం బయటికి వచ్చింది. తల మొదలు పాదాల దాకా పిండి. కనురెప్పలు కూడా తెల్లగా ఉన్నాయి. భుజం మీద గోనెసంచి. ఎవరో కూలివాడనుకున్నాను. నన్ను చూసి ఆ ఆకారం చటుక్కున బస్తాల వెనక్కి పోయింది. అప్పుడు నడక గుర్తుపట్టాను.

నేను ఇంటికి చేరిన కాసేపటికి ఆమె తలారా స్నానం చేసి, పట్టుచీర కట్టుకుని వచ్చింది. "మిల్లు కాడ లెక్కలు చూసుకుంటా ఆలస్యమైపోయింది వదినా," అంది.

"లెక్కలు కనుబొమ్మల మీద రాసుకుంటావా వదినా? ఇంకా చెరిగిపోలేదు," అన్నాను.

ఆమె కొంగుతో కనుబొమ్మలు తుడుచుకుంది. నేను పత్తికొండకు తిరిగివచ్చి, మా వియ్యపురాలు రాతిపిండి బస్తాలు మోస్తుందని బజారంతా చెప్పాను. ఉన్నమాటే కదా. షావుకారు ఇంటి ఆడమనిషి కూలివాళ్ళతో సమానంగా మిల్లులో నిలబడటం మావాళ్ళలో ఎక్కడా లేదు. ఆ మాట తిరిగి తిరిగి మంగంపేట చేరింది. చేరాలనే చెప్పాను. అప్పటి నుంచి నేనున్న చోట ఆమె మిల్లు మాట ఎత్తేది కాదు. ఎవరైనా అడిగితే, "పనోళ్ళు చూసుకుంటారమ్మా, నాదంతా ఇంటిపనే," అనేది. అలా అంటూ ఒకసారి నా వైపు చూసేది.

ఆ పుట్టిన పిల్లే హిమబిందు. మా వంశంలో తొలి ఆడపిల్ల, నా కొడుకు కూతురు, నా ఒళ్ళో పెరగవలసిన పిల్ల. బడికి సెలవులిస్తే చాలు, మంగంపేట బస్సెక్కేది. దుమ్మని పిల్లను మిల్లు గడప తొక్కనిచ్చేది కాదట ఆమె. పొద్దుగూకాక మిద్దె మీద చాప పరిచి పక్కన పడుకోబెట్టుకునేదట. పిల్ల తిరిగివచ్చి, "జేజీ, కొన్ని చుక్కలు ఎర్రగా ఎందుకుంటాయి, కొన్ని తెల్లగా ఎందుకుంటాయి?" అని అడిగేది.

"మీ అవ్వ ఏం చెప్పింది?"

"నాకు తెలీదు పాపా, నువ్వు పెద్దదానివై నాకు చెప్పు అనింది."

చూశారా? నేనైతే ఏదో ఒకటి చెప్పి నోరు మూయించేదాన్ని. తెలియదని చెప్పి ఆమె పిల్లను కట్టేసుకుంది. నేను సెలవులకని పాలకోవ చేసి పెట్టేదాన్ని, ఆమె ఆకాశం చూపించేది. ఇదెక్కడి న్యాయం? పాలకోవకు పాలు కావాలి, చక్కెర కావాలి, పొయ్యి ముందు చేయి నొప్పిపుట్టేలా తిప్పాలి. ఆకాశానికి ఏం కావాలి, చాప తప్ప?

పిల్ల చదివి చదివి బెంగళూరులో చుక్కల మీద పరిశోధనకు చేరింది. ఇంతలో నాగలక్ష్మమ్మకు మోకాళ్ళు పట్టుకుపోయాయి. మిల్లు అమ్మేసి, పది రోజులుండి పోతానని కూతురి ఇంటికి వచ్చింది. కూతురి ఇల్లంటే నా ఇల్లే. ఆ పది రోజులు ఇప్పటికీ అయిపోలేదు.

రెండువేల ఐదు దసరాకు హిమబిందు వచ్చింది. అందరం మిద్దె మీద కూర్చున్నప్పుడు, నువ్వు చేసే పనేమిటో మాకూ తెలిసేట్టు చెప్పమన్నాను. "మాకు" అన్నాను గానీ పిల్ల అవ్వ వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టింది.

"కొన్ని చుక్కలు జంటగా ఉంటాయవ్వా. ఒకటి ముసల్ది. ఎర్రగా, ఉబ్బిపోయి, శానా పెద్దగా ఉంటాది. ఒంట్లో పట్టు తప్పి, దాని పైపొరలు గాలి మాదిరి బయటికి పోతాంటాయి. రెండోది చిన్నది, తెల్లగా ఉంటాది. మన భూమంతే ఉంటాది గానీ దగ్గర దగ్గర సూర్యుడంత బరువు. రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాంటాయి. పెద్దది వదిలే గాలిని చిన్నది లాక్కుంటాంటాది."

"అంటే పక్కదాన్ని పీక్కు తింటాంటాది," అన్నాను నాగలక్ష్మమ్మ వైపు చూస్తూ.

"నన్నేల చూస్తావు వదినా? నేను తినేది రెండు ముద్దలు," అంది ఆమె.

"ఆ రెండు ముద్దలూ ఎవరి ఇంట్లోవో?"

"జేజీ!" అంది హిమబిందు. "చుక్కల్లో వియ్యపురాండ్లు లేరు. ఇనుకో. అట్ల లాక్కున్న గాలి చిన్నదాని మీద పేరుకుంటాది. కొన్ని జంటల్లో అది ఏండ్ల తరబడి పేరుకుని, ఒకనాడు పేలిపోతాది. పేలిన ముక్కలు పెద్దదాని గాలిని గుద్దుకుంటాయి. ఆ వేడికి ఎక్స్‌రేలు పుడతాయి. నేను చూసేది వాటిని."

"ఆస్పత్రిలో తీసే ఎక్స్‌రేలేనా?"

"ఆ జాతివే. కంటికి కనపడవు. నేల మీదికి రావు, మన గాలే అడ్డం పడతాది. పైన తిరిగే ఉపగ్రహంలో యంత్రం పెట్టి పట్టుకుంటారు."

కనపడనిదాన్ని, మన దాకా రానిదాన్ని చూడటానికి నా మనవరాలు ఇంటికి దూరంగా హాస్టలు బువ్వ తింటోంది. ఇదేం చదువో నాకర్థం కాలేదు. నాగలక్ష్మమ్మ మాత్రం చాలాసేపు ఆలోచించి, "మరి పెద్దదాని గాలి మందంగా ఉంటే, ఆ కిరణాలు లోపలే చిక్కుకోవా పాపా?" అంది.

పిల్ల లేచి ఆమె బుగ్గలు రెండూ పట్టుకుంది. "అదే అవ్వా! నా పనంతా అదే! గట్టి కిరణాలు దూసుకుని వచ్చేస్తాయి. మెత్తటి కిరణాలు ఆ గాలిలో చిక్కుకుంటాయి. గాలి పలచబడినాకనే బయటికి వస్తాయి."

నేను చలేస్తోందని కిందికి దిగిపోయాను. దసరాకు పత్తికొండలో చలేమిటని ఎవరూ అడగలేదు.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఫోను మోగింది. నేనే ఎత్తాను.

"జేజీ, పేలింది!"

"ఏం పేలిందే? సిలిండరా?"

"చుక్క జేజీ! ఎనభై ఐదులో పేలినది మళ్ళా ఇప్పుడు పేలింది! అవ్వకు ఇయ్యి ఫోను, తొందరగా!"

పామును పట్టుకున్న మనిషి ఆకారంలో కొన్ని చుక్కలుంటాయట. ఆ గుంపులో ఉందట ఈ జంట. ఇరవై ఏండ్లకు గానీ రాని పండుగ, మా పిల్ల చదువుకు సరిగ్గా వచ్చింది. ఇప్పుడు గట్టి కిరణాలొస్తున్నాయి, నెల తిరిగేసరికి మెత్తటివి బయటపడవచ్చు, అప్పుడు కన్ను తిప్పకుండా పని చేయాలి అని అవ్వకు చెబుతుంటే, పక్కన నిలబడి విన్నాను. ఫోను నా ఇంటిది, బిల్లు నా కొడుకుది. సంగతి మాత్రం ఆమెది.

ఆ నెలాఖరుకు నాగలక్ష్మమ్మకు దగ్గు పట్టుకుంది. మిరపకాయల తిరగమోతకు వచ్చిన దగ్గు, ఎంతకీ పోలేదు. కర్నూలుకు తీసుకుపోదామంది శ్రీవాసవి. నేనూ బయలుదేరాను. ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఆమెకు ఏమైందోనని ఆలోచించడం నాకు చేతకాదు.

డాక్టరు పేరు రెహమాన్. నెమ్మదైన మనిషి. ఎక్స్‌రే తీయించి, దీపం వెలిగే అద్దాల పెట్టెకు తగిలించి చూశాడు. చూసి, కుర్చీ ముందుకు జరుపుకుని మళ్ళీ చూశాడు. నేనూ చూశాను. రెండు ఊపిరితిత్తుల నిండా తెల్లటి చుక్కలు. పైన, కింద, పక్కటెముకల సందుల్లో, ఎవరో పిడికెడు చల్లినట్టు ఉన్నాయి.

"ఏం పని చేసేవారమ్మా?" అని అడిగాడు.

ఆమె నా వైపు ఒకసారి చూసింది. "ఇంటిపనే నాయనా," అంది.

"దుమ్ములో, పొగలో ఏమన్నా?"

"కట్టెల పొయ్యి పొగే. అందరికీ ఉండేదే కదా."

టీబీ కావచ్చన్నాడు డాక్టరు. కఫం పరీక్షకిచ్చి వారం తర్వాత రమ్మన్నాడు. శ్రీవాసవి బస్సులో దారి పొడుగునా ఏడుస్తూనే ఉంది. ఆ రాత్రే కూతురికి ఫోను చేసింది. హిమబిందు రైలెక్కి గుత్తిలో దిగి, మరునాడు మధ్యాహ్నానికి ఇంట్లో ఉంది.

చుక్కను వదిలేసి వచ్చింది! బెంగళూరు నుంచి పెద్దసారు ఫోను చేస్తున్నాడు, ఎప్పుడొస్తావని. "ఇప్పుడప్పుడే రాలేను సార్," అంటోంది పిల్ల. అవ్వ మంచం అంచున కూర్చుని, గ్లాసుతో వేన్నీళ్ళు తాగిస్తోంది.

"నువ్వు పో పాపా," అంటుంది నాగలక్ష్మమ్మ. "మెత్తటివి వచ్చే టైం అయితాండాది. నేను యాడికీ పోనులే."

"చుక్క పోతే పోనీ అవ్వా. అవసరమైతే హైదరాబాదుకు కూడా నీతో నేనే వస్తా."

గడప అవతల నిలబడి విన్నాను. అబద్ధమెందుకు, నాకు అన్నం సయించలేదు. ఇరవై ఏండ్లకొకసారి పేలే చుక్కను ఆమె దగ్గు కోసం వదులుకుంది. అంతకు ముందు ఏడు నాకు నడుము పట్టుకుని పది రోజులు మంచంలో ఉంటే, "అమృతాంజనం రాసుకో జేజీ," అని ఫోనులో చెప్పింది. నాకు అమృతాంజనం, ఆమెకు ఆకాశం!

మరునాటి నుంచి నాకూ దగ్గు మొదలైంది.

మొదట ఎవరూ గమనించలేదు. కాస్త గట్టిగా దగ్గాను. శ్రీవాసవి మిరియాల కషాయం తెచ్చి ముందు పెట్టి, వాళ్ళమ్మ గదిలోకి పోయింది. ఆ గది వాకిలి దగ్గరికి పోయి దగ్గాను. లోపల మంచం మీది నుంచి నాగలక్ష్మమ్మ నెమ్మదిగా అంది:

"వదినా, దగ్గు రొమ్ములోంచి రావాల. నువ్వు గొంతులోంచి దగ్గుతాండావు. గొంతు చెడిపోతాది, మళ్ళ నన్ను తిట్టేదానికి ఉండదు."

హిమబిందు నవ్వింది. ఆ ఇంట్లో నాలుగు రోజులకు వినబడిన మొదటి నవ్వు అది. నా మీద పడింది.

వారం తర్వాత కర్నూలుకు అందరం పోయాం. నాకూ ఎక్స్‌రే తీయవలసిందేనని పట్టుపట్టాను. తీసే అబ్బాయి మెళ్ళో గొలుసు తీయమన్నాడు. మా ఇంటాయన చేయించిన గొలుసు అది. ఎందుకు తీయాలంటే, బంగారం కిరణాలకు అడ్డం పడుతుందన్నాడు, ఫొటోలో తెల్లగా వస్తుందన్నాడు. తీసి హిమబిందు చేతికిచ్చి, చల్లటి పలకకు రొమ్ము ఆనించి, ఊపిరి బిగపట్టాను.

డాక్టరు ముందుగా కఫం పరీక్ష సంగతి చెప్పాడు. టీబీ లేదట. శ్రీవాసవి దేవుడికి దండం పెట్టుకోబోతే ఆయన చేయెత్తి ఆపాడు. "అదే నాకు భయంగా ఉందమ్మా. టీబీ కాకపోతే ఇన్ని మచ్చలు ఇంకెందుకొస్తాయి? హైదరాబాదులో పెద్దాసుపత్రిలో ఊపిరితిత్తి నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయాలి. ఆలస్యం చేయొద్దు."

శ్రీవాసవి గోడకానుకుంది. నాగలక్ష్మమ్మ కూతురి చేయి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. హిమబిందు లేచి అద్దాల పెట్టె దగ్గరికి పోయింది. అక్కడ మా ఇద్దరి ఎక్స్‌రేలూ పక్కపక్కనే తగిలించి ఉన్నాయి. అవ్వదాని మీదికి వంగి చాలాసేపు చూసింది.

"ఇంత తెల్లగా..." అంది తనలో తాను. "చుక్కలున్న ఆకాశం మాదిరే ఉండాది."

"మరి నాది?" అన్నాను.

"నీది బాగుంది జేజీ. ఏమీ లేదు."

డాక్టరు కూడా అటు చూసి, "మీకేం ఢోకా లేదమ్మా, నూరేళ్ళుంటారు. లోపల ఏమీ లేదు," అన్నాడు.

ఏమీ లేదు! రెండుసార్లు విన్నాను ఆ మాట. నల్లగా, పలక తుడిచినట్టు, నా రొమ్ము. గొలుసన్నా ఉంచనిచ్చి ఉంటే ఏదో ఒకటి మెరిసేది. పక్కన ఆమెది జాతర మాదిరి వెలిగిపోతోంది. నా మనవరాలు చావు భయంలో కూడా దాన్ని ఆకాశమంటోంది. ఇంక ఊరుకోలేకపోయాను.

"ఏమీ లేకపోవడానికి నేనేం చేసేది? నేనూ ఇరవై ఏండ్లు ఆ ముగ్గురాయి మిల్లులో నిలబడి, పిండి మింగి, బస్తాలు మోసింటే నాకూ ఉండేవి చుక్కలు! ఇంటిపనంట, ఇంటిపని! తల నుంచి కాళ్ళ దాకా పిండిలో పొర్లినదాన్ని నేను నా కండ్లతో చూసినా. కనురెప్పలు కూడా తెల్లగా ఉండె. ఆకాశమంట! రాతిపిండి!"

నాగలక్ష్మమ్మ ముఖం ఎర్రబడింది. అన్నేళ్ళలో ఆమె ముఖం ఎర్రబడటం అదే మొదటిసారి చూడటం. "వదినా," అంది. "బయటోళ్ళ ముందర అనాల్నా?"

హిమబిందు గిర్రున తిరిగింది. "అవ్వా, మిల్లులో పనిచేసేది పనోళ్ళు కదా? నువ్వు లోపలికి పోతాంటివా?"

"పనోళ్ళు యాడ నిలుస్తారే? ఇయ్యాల ఉంటారు, రేపు ఉండరు. మీ తాత పోయినాక నేనే చేస్తాంటి. మీ జేజి ముందర ఏమని చెప్పుకునేది?"

"ముగ్గురాయంటే ఏ రాయి?" అన్నాడు డాక్టరు.

"బెరైటీస్ సార్," అంది హిమబిందు. "బేరియం ఉంటాది దాంట్లో."

డాక్టరు చేతిలో పెన్ను బల్ల మీద పెట్టేశాడు. "ఈ మాట మొదటిరోజే చెప్పి ఉంటే ఎంత బాగుండేదమ్మా! కడుపు ఎక్స్‌రే తీసేముందు మేము రోగులకు తాగించేది బేరియమే. లోపల తెల్లగా కనబడాలని. మా ఎక్స్‌రే గది గోడలకు పూసింది కూడా మీ ముగ్గురాయి పొడే, కిరణాలు బయటికి పోకుండా."

ఆ రోజే ఆమె చేత ఒక గొట్టంలో గట్టిగా ఊదించాడు. తన వయసువాళ్ళు ఊదవలసినంతా ఊదింది. కడపలో గనిపనివాళ్ళను చూసే తన స్నేహితుడైన డాక్టరుకు ఫోను చేసి మాట్లాడాడు, ఎక్స్‌రేను ఫొటో తీసి అది కూడా పంపించాడు. రెండురోజులకు మాట వచ్చింది: ఆ పొడి ఊపిరితిత్తుల్లో కూర్చుంది, ఎక్స్‌రేకు అడ్డం పడుతోంది, ఆమె ఊపిరికి మాత్రం అడ్డం పడటం లేదు. హైదరాబాదు వద్దు, ముక్క తీయడమూ వద్దు. ఆరునెలలకొకసారి వచ్చి చూపించుకుంటే చాలు. దగ్గు మామూలు దగ్గే. అది ఉగాదికి ముందే పోయింది.

నేను ఆ మాట అనకపోయి ఉంటే ఆమెను కోసి ఉండేవాళ్ళు. ఇది రాసుకోండి. ఇంతవరకు ఆమె నాకు ఒక్క ముక్క థ్యాంక్స్ చెప్పలేదు. పైగా ఇంటికొచ్చాక, "ఆ మాట అనేదానికి నీకు మంచి సందు దొరికింది కదా వదినా," అంది.

"నువ్వు చెప్పుకొని ఉంటే నాకు సందెందుకు దొరుకుతాది?" అన్నాను.

"చెప్పుకోనిచ్చినావా నువ్వు?"

దానికి నా దగ్గర జవాబు లేక కాదు. వంటింట్లో పాలు పొంగుతున్నాయని లేచిపోయాను.

కడప డాక్టరు మాట వచ్చిన సాయంత్రమే హిమబిందు బయలుదేరింది. బస్టాండుకు నేనొక్కదాన్నే పోయాను, అవ్వకు మోకాళ్ళు కదా. బస్సు కోసం చూస్తూ పిల్ల, "మా పనీ ఇంతే జేజీ," అంది. "కిరణాలు తక్కువొస్తే చుక్కలోనే ఏమో లేదనుకుంటాం. మధ్యలో ఏం అడ్డముండాదో ముందు తెలుసుకోవాల." సంచి సర్దుకుంటుంటే చూశాను, అవ్వ ఎక్స్‌రే చుట్టి పెట్టుకుంది.

"నాది?"

"దాంట్లోనే ఉండాది జేజీ. లోపల."

లోపలంటే ఆమెదాని కింద. అయినా పోనీ, బెంగళూరు దాకా పోతోంది కదా అని ఊరుకున్నాను.

వారమో పది రోజులో గడిచాక, మధ్యాహ్నం భోజనాలప్పుడు ఫోను మోగింది. నేను ఎత్తాను.

"జేజీ! వచ్చినాయి! మెత్తటివి వచ్చినాయి! సమయానికి చేరుకున్నా జేజీ! అవ్వకు ఇయ్యి ఒకసారి."

"మీ అవ్వ తలకు నీళ్ళు పోసుకుంటాండాది," అన్నాను. "నాకు చెప్పు."

నాగలక్ష్మమ్మ నా పక్కనే విస్తరి ముందు కూర్చుని పప్పన్నం కలుపుకుంటోంది. చేయి ఆపి నా వైపు చూసింది. పిల్ల చెప్పుకుపోతోంది: ఉపగ్రహం నుంచి వచ్చిన లెక్కల్లో మెత్తటి కిరణాలు ఉన్నట్టుండి పెరిగిపోయాయని, ఒక పూట ఎక్కువ, ఒక పూట తక్కువగా ఊగిసలాడుతున్నాయని, సారు సంతోషపడ్డాడని. నాకు సగం అర్థమైంది. అయినా "ఊ, ఊ" అంటున్నాను. ముందు నాకే చెబుతోంది కదా.

"వదినా," అంది నాగలక్ష్మమ్మ లోగొంతుకతో. "నేను నీళ్ళు పోసుకుంటాండానా?"

ఊరుకోమని చేయి ఊపాను.

"సరేలే. అయితే ఒకమాట అడుగు. గాలి పలచబడి వచ్చినాయా, లేకుంటే చిన్నదే ఇప్పుడు ఎక్కువ మండుతాండాదా అని అడుగు."

నేను ఫోనులోకి గొంతు సవరించుకుని, "ఏమే, గాలి పలచబడి వచ్చినాయా, చిన్నదే ఎక్కువ మండుతాండాదా?" అన్నాను.

"జేజీ! మా సారు అడిగింది కూడా అదే. రెండూ ఉండచ్చు, దాన్నే తేల్చాల. నువ్వు ఇంత బాగా ఎట్ల అడిగినావు జేజీ?"

నాగలక్ష్మమ్మకు ఆ మాట వినబడింది. ముద్ద నోట్లో పెట్టుకుని, నేనేం చెబుతానోనని చూస్తోంది.

"నాకు తెలీదా ఏంది? ఇన్నేండ్ల నుంచి ఇంటాండా కదా," అన్నాను.

ఆ మెప్పు నేనే ఉంచుకున్నాను. రెండేళ్ళయింది, ఇంకా తిరిగివ్వలేదు. ఇదంతా అచ్చులో చూసి ఆమె అడిగితే అప్పుడు చూద్దాం.